పన్నెండో షరతు

"కబురు రాకపోతే?" అంది తల్లి.

అప్పటికింకా ఎవరూ ఏమీ అనలేదు. పోస్టులో వచ్చిన డబ్బా కౌంటరు మీదే ఉంది. దాని చుట్టూ అంటించిన టేపు కూడా ఊడలేదు. కూతురు కత్తెర కోసం సొరుగు వెతుకుతోంది. తండ్రి ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడి ఎవరిదో నల్ల కోటుకు భుజాలు సరిచేస్తున్నాడు.

"దేని కబురమ్మా?"

"ఆ డబ్బాలో దానిదే. నువ్వక్కడ పడిపోయావనుకో, ఇక్కడ నా ఫోను మోగలేదనుకో. అప్పుడో?"

"ఇంకా డబ్బా కూడా విప్పలేదు. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే మొదలుపెట్టావా?"

"కీడెంచి మేలెంచమన్నారు."

"నువ్వు కీడెంచే దగ్గరే ఆగిపోతావమ్మా. మేలు దాకా ఎప్పుడొచ్చావు గనక?"

ఇస్త్రీ పెట్టె బుస్సుమంది. తండ్రి నవ్వాడో, ఆవిరే వచ్చిందో తెలియలేదు.

అది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం. ముందు గదిలో కౌంటరు, ఇస్త్రీ బల్ల, పై నుంచి వేలాడే బట్టల వరసలు. వెనక గదిలో పెద్ద మిషను, సబ్బు డబ్బాలు, మడతలు పెట్టే బల్ల. మేడ మీద ఇల్లు. వీధిలో వాళ్ళంతా తల్లిని లాండ్రీ అక్క అంటారు. ఆవిడ ఏడో తరగతి దాకా చదివింది. అక్కడితో ఆగింది గానీ, అక్షరం కనబడితే వదిలే రకం కాదు. సబ్బు పొట్లం మీద రాసింది కూడా పూర్తిగా చదివాకే పొట్లం కత్తిరిస్తుంది.

కూతురికి ఇరవై ఒకటి. చిన్నప్పటి అల్లరికి పిడుగు అని పేరు పెట్టాడు తండ్రి. పద్నాలుగో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చి పడిపోయినప్పటి నుంచి తల్లి ఆ పేరు పలకడం మానేసింది. తండ్రి మానలేదు. మందులతో ఇప్పుడు చాలా నయం. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది, వచ్చేటప్పుడు మాత్రం చెప్పి రాదు. ఇప్పుడా పిల్లకి ఉద్యోగం దొరికింది. రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, ఒక పెద్ద లైబ్రరీలో, పాత పుస్తకాలకు జాబితా రాసే పని. లైబ్రరీ వెనక వీధిలో ఒంటి గది చూసుకుంది. ఒకటో తారీఖున చేరాలి. ఆ రోజు పద్దెనిమిది.

ఒంటరిగా ఉండబోతోంది కాబట్టి డాక్టరమ్మ ఈ పట్టీ తెప్పించుకోమంది. ముంజేతికి పెట్టుకుంటే చాలు, చెయ్యి మూర్ఛలో కొట్టుకునే తీరును అదే కనిపెట్టి ఇంట్లో వాళ్ళ ఫోన్లకు కబురు పంపుతుంది. ఆ ఊళ్ళో ఎవరికి ఫోన్ చేయాలో కూడా అదే చూపిస్తుంది. సంరక్షకులుగా డాక్టరమ్మ తల్లినీ తండ్రినీ రాయించింది. ఇద్దరూ తమ తమ ఫోన్లలో కంపెనీ షరతులకు ఒప్పుకుంటేనే పట్టీ పనిచేయడం మొదలుపెడుతుంది. ఒక్కరు ఒప్పుకోకపోయినా అది ఉత్త ప్లాస్టిక్ గాజు.

కూతురు తన ఫోన్లో బొటనవేలితో సర్రున కిందికి తోసి, అడుగున ఉన్న 'అంగీకరిస్తున్నాను' నొక్కేసింది. తండ్రి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా తనదీ నొక్కేశాడు. తల్లి ఫోను వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"అమ్మా, చదవక్కర్లేదు. కిందికి తోసెయ్, అడుగున బటనుంటుంది."

"చదవకుండానా?"

"ఎవ్వరూ చదవరమ్మా."

తల్లి మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మీరు చదివారా?"

"నొక్కాను."

"అదే, చదివారా అని."

"నొక్కానన్నాను కదా."

"పెళ్ళినాడూ ఇంతే. నన్ను సరిగా చూడకుండానే తలూపేశారు."

"చూసి ఊపినవాళ్ళు ఏపాటి బాగుపడ్డారులే," అన్నాడాయన కోటు తిరగేస్తూ.

ఎవరూ చదవరన్న మాట లోకంలో ఇంకే ఇల్లాలితో అన్నా చెల్లేదేమో. ఈవిడ దగ్గర చెల్లదు. ఎందుకంటే ఈవిడ రోజుకు యాభైమందికి షరతులు చేతిలో పెడుతుంది. బట్టలు ఇచ్చినవాళ్ళకిచ్చే రసీదు వెనక, సన్నటి అక్షరాల్లో, పన్నెండు షరతులున్నాయి. అవి ఊరికే పుట్టలేదు.

రంగు దిగితే బాధ్యత మాది కాదు అన్నది మొదటిది. ఒక ఆటగాళ్ళ జట్టు పదకొండు తెల్ల చొక్కాలు తెచ్చి పడేసింది, వాటిలో ఎవరిదో ఎర్ర మేజోడు ఒకటి దాక్కుని ఉంది. ఆ వారం జట్టంతా గులాబీ రంగులో ఆడి గెలిచింది, గెలిచినా వచ్చి గొడవ పెట్టుకుంది. జేబులు ఖాళీ చేసి ఇవ్వాలి అన్నది పళ్ళ డాక్టరు వల్ల వచ్చింది. ఆయన కోటు జేబులో ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు ఉండిపోయింది. మిషను లోపలి నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే లాండ్రీ అక్క మూత తీసి చూసి, ఒక్క కేక పెట్టి, పక్కనున్న చెప్పుల దుకాణం దాకా పరిగెత్తింది. ముప్పై రోజుల్లో తీసుకెళ్ళాలి అన్నదానికి కారణం ఒక పెద్దమనిషి. నాలుగేళ్ళకి వచ్చి కోటు అడిగాడు. కోటు అలాగే ఉంది, పొట్ట అలాగే లేదు. "కుదించేశారు నా కోటు," అని ఆయన వీధంతా వినపడేలా అరిచాడు.

ఇలా ఒక్కో గొడవకు ఒక్కో లైను. కొత్త గొడవ అయిందంటే, తర్వాత అచ్చు వేయించే రసీదు పుస్తకంలో ఇంకో షరతు చేరేది. "ఏ లైనూ ఊరికే రాయరు," అంటుంది ఎవరైనా నవ్వితే. "ప్రతి లైను వెనకా ఒక చొక్కా ఉంటుంది."

తొమ్మిదో షరతు ఒక్కటే వేరు. 'గుడారాలు, పడవ తెరచాపలు ఉతకబడవు.' ఈ ఊరికి సముద్రం చాలా దూరం. మొదటిసారి రసీదులు వేయించినప్పుడు అచ్చాఫీసాయన ఎక్కడో రేవు ఊళ్ళోని దుకాణం రసీదు నమూనాగా పెట్టుకుని, ఈ లైను తీసేయడం మర్చిపోయాడు. తర్వాత తీయించబుద్ధి కాలేదు, ఉంటే పోయేదేముందని. తెలిసినవాళ్ళు వచ్చి, "అక్కా, ఈసారి తెరచాప తెచ్చాను, కాస్త చూడు," అని దుప్పటి చేతికిస్తుంటారు.

పన్నెండోది చివరిది. 'మిషను తిరుగుతున్నప్పుడు పిలిచినా వినపడదు. గంట నొక్కగలరు.' కౌంటరు మీద గంట కూడా ఉంది. దాని కథ మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. గంట కదా, గంటకు కథేముంటుంది.

మర్నాడు తల్లి ఫోను పట్టుకెళ్ళి జిరాక్స్ దుకాణంలో ఆ షరతులన్నీ కాగితం మీదికి తీయించుకొచ్చింది. ముప్పై ఒక్క కాగితాలు, నలభై మూడు షరతులు. బట్టలకు గుర్తులు వేసే ఎర్ర పెన్సిలు చెవి వెనక దోపుకుని, కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళ మధ్యా పోయేవాళ్ళ మధ్యా చదవడం మొదలుపెట్టింది.

చదివే పద్ధతి ఆవిడకు తెలిసిందొక్కటే. ప్రతి లైను దగ్గరా ఆగి, దీని వెనక ఎవరి చొక్కా ఉందా అని చూడడం. 'పట్టీ బ్యాటరీ స్థాయిని వినియోగదారుడే చూసుకోవాలి' అని ఉంటే, బ్యాటరీ అయిపోయి ఎవరో పడ్డారన్నమాట. 'నీటిలో పట్టీ పనితీరుకు హామీ లేదు' అంటే ఎవరో స్నానాల గదిలో. 'చేయి శరీరం కింద నలిగినప్పుడు కదలికలు గుర్తించబడకపోవచ్చు' అంటే ఎవరో నిద్దట్లో. ప్రతిదాని పక్కనా చిన్న ఎర్ర గీత పెట్టింది. మూడో రోజుకి ఆవిడ బుర్రలో ఆస్పత్రి వార్డు ఒకటి తయారైంది, పక్కపక్కనే మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో షరతు.

"సేవ 'ఉన్నది ఉన్నట్లుగా' అందించబడుతుందట," అని పైకి చదివింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ముప్పై కాగితాలు చెప్తాడా?"

"కంపెనీల భాష అంతే," అన్నాడు తండ్రి.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంకా ఏమీ జరక్కుండానే బాధ్యత మాది కాదు, మాది కాదు అని ఇన్నిసార్లు అంటాడేంటండీ? ఇది వినండి. షరతులు వాళ్ళ ఇష్టమొచ్చినప్పుడు మారుస్తారట. మనం నోరు మూసుకుని వాడుతుంటే ఒప్పుకున్నట్టేనట."

"అచ్చం మనింటి పద్ధతే."

ఆవిడ పెన్సిలు విసిరింది. అది కోటు కాలరుకు తగిలి ఎర్ర చుక్క పెట్టింది. తర్వాత దాన్ని పోగొట్టడానికి ఇద్దరూ అరగంట తంటాలు పడ్డారు.

పదిహేడో షరతు దగ్గర ఆవిడ చాలాసేపు ఆగిపోయింది. 'హెచ్చరిక సందేశం సకాలంలో, లేదా అసలు, చేరుతుందని మేము హామీ ఇవ్వము.' ఆ 'లేదా అసలు' కింద రెండు గీతలు గీసింది. అంటే ఎవరికో చేరలేదు. ఆలస్యంగా చేరడం కాదు, అసలే చేరలేదు. ఎవరా మనిషి? తల్లా, తండ్రా? ఆ రోజు ఏం చేస్తోంది? ఫోను పక్కనే పెట్టుకుని పప్పులేవో ఏరుకుంటూ కూర్చుందా?

ఇరవై రెండోది చదివేసరికి ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది. 'పర్యవేక్షణలో ఉన్న సరుకు చెడిపోయినా, కుళ్ళినా, గడ్డకట్టినా కంపెనీ బాధ్యత వహించదు.'

"ఏమండీ!"

"ఊఁ."

"పిల్లను సరుకంటున్నారండీ వీళ్ళు. గడ్డకట్టడమేంటండీ? కుళ్ళడమేంటి?"

తండ్రి మొదటిసారి ఇస్త్రీ పెట్టె ఆపి, కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చదివాడు. రెండుసార్లు చదివాడు. వెళ్ళి మళ్ళీ ఇస్త్రీ అందుకున్నాడు. ఆయన జోకు వేయకపోవడం చూసి ఆవిడకు భయం ఇంకో మెట్టు ఎక్కింది.

కంపెనీ నంబరు డబ్బా మీదే ఉంది. ఒకటి నొక్కి, రెండు నొక్కి, పాట విని, మళ్ళీ ఒకటి నొక్కితే చివరికి ఒక ఆడపిల్ల గొంతు పలికింది.

"చెప్పండి మేడమ్, పట్టీ ఆన్ అవ్వట్లేదా?"

"ఆన్ చెయ్యలేదమ్మా. షరతులు చదువుతున్నాను."

"ఏవండీ?"

"షరతులు. అడుగున నొక్కమంటారే, వాటి పైనుండేవి. ఇరవై రెండులో గడ్డకట్టిన సరుకెవరు? పదిహేడులో కబురందనిది ఎవరికి? తర్వాత వాళ్ళేమయ్యారు? ఈ మూడు చెప్తే నొక్కేస్తాను."

"మేడమ్, నేనిక్కడ చేరి రెండేళ్ళయింది. ఇంతవరకూ ఎవరూ ఇది అడగలేదు." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా ఆంటీ? నేను కూడా చదవలేదు. కనుక్కుని నేనే చేస్తాను. రెండు మూడు రోజులు టైమివ్వండి."

"ఒకటో తారీఖు లోపల చెయ్యమ్మా. మా పిల్ల వెళ్ళిపోతుంది."

ఆ మాటలు వెనక గదిలో బట్టలు మడతపెడుతున్న కూతురి చెవిన పడ్డాయి. చేతిలో తువ్వాలుతోనే ముందు గదిలోకి వచ్చింది.

"కంపెనీకి ఫోన్ చేశావా?"

"చేస్తే తప్పేంటే?"

"ఇవాళ ఇరవై మూడు. నువ్వు నొక్కితే రెండు సెకన్ల పని. పోనీ, నొక్కకు. నేను పట్టీ లేకుండానే పోతాను, అప్పుడు హాయిగా ఉంటుందా నీకు?"

"ఎందుకు పోవడం అంటున్నాను."

"అదీ! అలా చెప్పు. నీ గొడవ షరతుల్తో కాదు."

"షరతుల్తోనే. చదవకుండా ఎలా నొక్కుతాను? ఏ లైనూ ఊరికే..."

"...రాయరు, ప్రతి లైను వెనకా ఒక చొక్కా ఉంటుంది. తెలుసు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఎర్ర మేజోడు కథ విన్నాను, పళ్ళ సెట్టు కథ విన్నాను, పొట్టాయన కథ విన్నాను." కౌంటరు మీది రసీదు పుస్తకం లాక్కుని, ఒక కాగితం చింపి, వెనక్కి తిప్పి తల్లి ముందు పెట్టింది. "పన్నెండోది చెప్పు. దీని వెనక ఎవరి చొక్కా ఉంది?"

తల్లి ఆ కాగితం వంక చూసింది. కౌంటరు మీద గంట వంక చూసింది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఎవరో కర్టెన్లు తీసుకుని లోపలికి వచ్చారు. ఆవిడ గబగబా లేచి కర్టెన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఉన్నవి నాలుగే అయినా రెండుసార్లు లెక్కపెట్టింది.

వాళ్ళు వెళ్ళాక కూతురు నెమ్మదిగా అంది. "అది చెప్పేదాకా నేను నీతో మాట్లాడను."

అన్నట్టే మాట్లాడలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వారం. ఆ ఇంట్లో అందరి మొండితనమూ ఒకే బట్టలోంచి కత్తిరించింది. అవసరమైతే రసీదు కాగితం వెనక రాసి కౌంటరు మీద పెట్టేది. 'తినేశాను.' 'సబ్బు అయిపోయింది.' 'చెప్పులాయన చొక్కాకి గుండీ లేదు, ముందే లేదు.' తల్లి వాటికి నోటితో జవాబు చెప్పేది, చెప్పి ఎదురు చూసేది. పిల్ల తలూపి వెళ్ళిపోయేది. మధ్యలో తండ్రి పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యిలా తయారైంది. "పిడుగూ, కొంచెం తగ్గవే," అన్నాడొకసారి. పిడుగు ఆయనకూ ఒక కాగితం రాసిచ్చింది. ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు, అందులో ఏముందో భార్యకి చెప్పలేదు.

తల్లి ఆ వారంలో నలభై మూడు షరతులూ పూర్తిచేసింది. ముప్పై మూడోది ప్రకారం గొడవ పడాలంటే కంపెనీ ఉన్న ఊరి కోర్టుకే వెళ్ళాలి. ముప్పై తొమ్మిదోది ఆవిడకు అర్థం కాలేదు, జిరాక్స్ ఆయనకూ అర్థం కాలేదు. పెట్టెలు సర్దుతున్న చప్పుడు మేడ మీది నుంచి వినబడుతుంటే, ఆవిడ కాగితాలు ముందేసుకుని పదిహేడో దాన్నే మళ్ళీ మళ్ళీ చదివేది. ఆపైన రసీదు తిప్పి పన్నెండోది చదివేది.

ఇరవై తొమ్మిదిన, మధ్యాహ్నం, ఫోను మోగింది.

"ఆంటీ, నేనే. కంపెనీ నుంచి. ఇరవై రెండు కనుక్కున్నాను. మా లాయరుగారి గదికి రెండుసార్లు వెళ్ళాను, మొదటిసారి నవ్వి పంపించేశారు."

"చెప్పమ్మా, త్వరగా చెప్పు."

"ఏం లేదాంటీ. మా కంపెనీ ఇంతకుముందు చల్లటి గోదాములకు అలారాలు చేసేది. ఐస్‌క్రీములు, చేపలు పెడతారు కదా, లోపల వేడెక్కినా మరీ చల్లబడినా ఓనరుకి ఫోను పోతుంది. ఆ కాగితమే తెచ్చి దీనికి పెట్టుకున్నారు. సరుకు అన్న లైను తీసేయడం మర్చిపోయారు. ఇప్పుడు తీసేస్తారట, మీరు చెప్పాకే చూశారట."

లాండ్రీ అక్కకు నవ్వు వచ్చింది. వారం రోజులుగా లేని నవ్వు, ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఏంటాంటీ?"

"తెరచాప!"

"ఏంటీ?"

"ఏం లేదులే. మా దగ్గరా ఒకటుంది అలాంటిది. మరి పదిహేడో? అదీ చేపలదేనా?"

అటువైపు నుంచి ఇంకెవరెవరో మాట్లాడుతున్న గొంతులు, కీబోర్డు చప్పుళ్ళు లీలగా వినబడుతున్నాయి.

"కాదాంటీ," అంది ఆ పిల్ల చివరికి. "అది దీనికోసమే రాశారు. దాని గురించి నేను మాట్లాడకూడదట."

"ఎవరో ఉన్నారన్నమాట."

"నేను మాట్లాడకూడదాంటీ."

"సరేలేమ్మా. నీ ఉద్యోగం మీదికి తేను."

"ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. మీ అమ్మాయి పట్టీ ఇంకా ఆన్ కాలేదని ఇక్కడ కనిపిస్తోంది. ఆన్ చెయ్యండాంటీ."

ఫోను పెట్టేశాక ఆవిడ కాగితాల కట్ట దగ్గరికి లాక్కుంది. ఇరవై రెండోది అడ్డంగా కొట్టేసింది. బుర్రలోని వార్డులో ఒక మంచం ఖాళీ అయింది, అందులో ఉన్నవి చేపలు. పదిహేడోది అలాగే ఉంది. కొట్టేయడానికి లేదు, దాని వెనక నిజంగానే ఒక చొక్కా ఉంది. అయితే దాన్ని రాసినవాడు ఎలాంటి మొహంతో రాసి ఉంటాడో ఆవిడ ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. తప్పించుకోవడానికి రాశాడనే అనుకుంది. తన రసీదు మీద పన్నెండోది రాయించిన రోజు తను ఎలా ఉందో ఆవిడకు బాగా గుర్తుంది. అచ్చాఫీసాయన, "గంట నొక్కమంటే చాలదా అక్కా, వినపడదని కూడా ఎందుకు?" అన్నాడు. "రాయండి, వినపడదు. వినపడదని రాయండి," అంది తను.

మిషను మానేస్తే దుకాణం లేదు. తిరుగుతుంటే చెవులు లేవు. అంతకు మించి రాయడానికి ఇంకేముంది?

ముప్పయ్యో తారీఖు సాయంత్రం రైలు. మధ్యాహ్నం మూడింటికి కూతురు వెనక గదిలో ఆఖరి బట్టలు మడతపెట్టుకుంటోంది. ముంజేతికి పట్టీ పెట్టుకునే ఉంది, దీపం లేని పట్టీ. మిషను ఆఖరి విడత తిరుగుతోంది, బట్టలు పిండే విడత. అప్పుడది గట్టిగా ఊగుతుంది, కింద బండలు కూడా దడదడలాడతాయి. తల్లి ఫోను పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇలా చూడు," అంది గట్టిగా.

కూతురు చూసింది. తల్లి బొటనవేలితో, తడబడుతూ, అడుగున ఉన్న బటను నొక్కింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కూతురి చేతి మీద పచ్చటి దీపం వెలిగింది. ముందు గదిలో తండ్రి ఫోను టింగుమంది.

"మొత్తం చదివాను," అంది తల్లి. "చదివే నొక్కాను. కబురు రాకపోవచ్చు అని రాసుంది. దానికి ఒప్పుకునే నొక్కాను."

పిల్ల చేతిలో చొక్కా సగం మడతలో ఉంది.

"పన్నెండోది ఎవరిదని అడిగావు కదా. నీదే. నీకు తెలుసు అది నీదేనని." మిషను చప్పుడు మీద నుంచి చెప్పాలి కాబట్టి ఆవిడ గొంతు పెంచే మాట్లాడుతోంది, అరిచి చెప్పడం వల్ల ఏడుపు రావడానికి సందు దొరకలేదు. "ఆ రోజు బడి నుంచొచ్చి ఇక్కడే మడతలు పెడుతున్నావు. నేను ముందర ఆ బ్యాంకు మేనేజరు కోటుకి గుర్తు కుడుతున్నాను. మీ నాన్న బట్టలివ్వడానికి వెళ్ళారు. ఇక్కడి నుంచి దబదబమని చప్పుడొస్తోంది. మిషనే అనుకున్నాను. మిషను ఊగితే అలాగే ఉంటుంది కదా. గుర్తు కుట్టడం అయ్యేదాకా అలాగే కూర్చున్నాను. తర్వాత హ్యాంగర్ల కోసం వచ్చాను. మిషను ఎప్పుడో ఆగిపోయింది. చప్పుడు ఆగలేదు."

ముందు గదిలో ఇస్త్రీ చప్పుడు ఆగింది.

"నీకు తెలివొచ్చాక ఆస్పత్రిలో ఒకటడిగాను. గుర్తుందా? ఒక్కసారే అడిగాను. నువ్వు గోడ వైపు తిరిగిపోయావు. ఏడేళ్ళయింది, మళ్ళీ అడగలేదు. ఇప్పుడు నొక్కేశాను కాబట్టి అడుగుతున్నాను, నువ్వేం చెప్పినా నొక్కింది వెనక్కి తీసుకోలేను, అది నలభయ్యో షరతు." అసలు నలభయ్యో షరతులో ఉన్నది అది కాదు. "పడిపోయే ముందు నన్ను పిలిచావా?"

కూతురు చొక్కా మడత పూర్తి చేసింది. చేతులు లోపలికి మడిచి, కాలరు పైకి వచ్చేలా, తల్లి నేర్పినట్టే. పెట్టెలో పెట్టింది. ఇంకోటి తీసింది. దాన్నీ మడిచింది. మిషను ఊగుతోంది. తల్లి గుమ్మం వదల్లేదు. తండ్రి ఆవిడ వెనక వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఎవరిదో ప్యాంటు అలాగే వేలాడుతోంది. ముందు గదిలో ఎవరో గంట నొక్కారు. ముగ్గురూ విన్నారు, ముగ్గురూ కదల్లేదు. ఇంకోసారి నొక్కి, ఆ వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు.

మిషను వేగం తగ్గింది. ఒకటి రెండు సార్లు కుదిపి, చిన్నగా మూలిగి, ఆగింది. గది ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమయిందంటే లోపల నీటి చుక్కలు కారడం కూడా వినబడింది.

"పిలిచాను," అంది కూతురు. వారం తర్వాత తల్లితో అన్న మొదటి మాట అది. "ఒక్కసారే. రెండోసారి పిలిచే లోపల పడిపోయాను. చెప్తే నన్నెక్కడికీ పంపవని చెప్పలేదమ్మా."